నలభై నిమిషాల్లో ఓ వాడ!

ఇరవై ఏళ్ల కుర్రాడు. ఎనిమిదో తరగతి తర్వాత బడి మానేశాడు. చేతిలో ఉన్నది ఓ నోటు పుస్తకం, పెన్ను. వాటితో తన వీధి గురించి తాను రాసుకున్నాడు. అదే ‘ఇల్‌మాటిక్’ ఆల్బమ్ అయింది. మూడు దశాబ్దాలు దాటినా లోకం దాన్ని వింటూనే ఉంది. న్యూయార్క్‌లోని ఆ వీధికీ, కరువుసీమలోని మన తనకల్లుకీ ఏమిటి సంబంధం అంటారా? చదవండి...

మీ ఊరి పేరు ఎప్పుడైనా పాటలో విన్నారా?

హైదరాబాదో, విజయవాడో, తిరుపతో అయితే వినే ఉంటారు. సినిమా కవులకు ఆ పేర్లు కొట్టిన పిండి. అదే తనకల్లు? కదిరి నుంచి ములకలచెరువు మీదుగా మదనపల్లె వెళ్లే దారిలో ఉన్న చిన్న మండల కేంద్రం అది. ఒకప్పుడు అనంతపురం జిల్లా. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. చుట్టూ రాళ్ల గుట్టలు, ఎర్ర నేలలు, వానదేవుడి దయ మీద బతికే శెనక్కాయ చేలు. ఈ ప్రాంతం పేరు పేపర్లో కనబడిందంటే పక్కనే ఓ అంకె ఉండి తీరుతుంది. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ... ఎండిన బోర్లు ఇన్ని... బెంగళూరుకు వలసపోయినవాళ్లు ఇందరు...

ఆ అంకెలు అబద్ధాలు కావు. కానీ ఏ ఊరూ అంకెల్లో బతకదు కదా! బోరు వేయించడానికి తాకట్టుపెట్టిన కమ్మలు ఎవరివో అంకె చెప్పదు. వలసపోయిన ఇంటిముందు ఎవరు కళ్లాపి చల్లుతున్నారో చెప్పదు. అది చెప్పాలంటే ఆ ఊళ్లో పుట్టిన గొంతే కావాలి.

అలాంటి గొంతు ఒకటి 1994 ఏప్రిల్ 19న న్యూయార్క్‌లో వినిపించింది. ఆ కుర్రాడి పేరు నాసిర్ జోన్స్. అందరూ పిలిచేది ‘నాస్’ అని.

వంతెన పక్క వాడ
న్యూయార్క్ అనగానే మనకు ఆకాశాన్ని తాకే భవనాలు గుర్తొస్తాయి. అవి ఉండేది మన్‌హాటన్‌లో. అక్కడి నుంచి ఈస్ట్ రివర్ దాటితే క్వీన్స్ ప్రాంతం. నది మీద ఉన్న పెద్ద వంతెనకు ఆనుకునే క్వీన్స్‌బ్రిడ్జ్ ఉంటుంది. పేదల కోసం ప్రభుత్వం 1939లో ప్రారంభించిన కాలనీ అది. ఆరంతస్తుల ఇటుక భవనాలు, మూడు వేలకు పైగా ఇళ్లు. అమెరికాలో అంత పెద్ద ప్రభుత్వ గృహ సముదాయం మరొకటి లేదు.

ఎనభైల్లో ఆ వాడలోకి ‘క్రాక్’ అనే మత్తుమందు వచ్చి పడింది. చవగ్గా దొరికే కొకైన్ రూపం అది. వెనకే తుపాకులు, పోలీసులు, జైళ్లు వచ్చాయి. పదిహేనేళ్ల పిల్లలు మూలమలుపుల్లో నిలబడి సరుకు అమ్మడం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ క్వీన్స్‌బ్రిడ్జ్ పేరు కూడా పేపర్లలో అంకెలతోనే కనిపించేది. ఇన్ని హత్యలు, ఇన్ని అరెస్టులు... కొకైన్ వేరు, కరువు వేరు. ఆ కష్టమూ ఈ కష్టమూ ఒకటని ఎవరూ అనరు. కానీ బయటివాళ్లు లెక్కల్లో తప్ప మనుషుల్లో చూడని చోటు అన్న విషయంలో మాత్రం రెండిటికీ పోలిక ఉంది.

నాస్ ఆ వాడలోనే పెరిగాడు. అమ్మ ఫానీ ఆన్ తపాలా శాఖలో పనిచేసేది. నాన్న ఒలు దారా జాజ్ సంగీత విద్వాంసుడు. 1985లో ఇద్దరూ విడిపోయారు. నాస్ వాళ్లమ్మ దగ్గర పెరిగాడు. బడి మానేసినా పుస్తకాలు మానలేదు.

బుర్రకథకు దూరపు చుట్టం
ఇంతకీ ర్యాప్ అంటే ఏమిటి? గబగబా మాట్లాడటమేగా అనుకుంటారు చాలామంది. మన బుర్రకథను గుర్తు తెచ్చుకోండి. కథకుడు రాగం తీస్తూ తీస్తూ ఒక్కసారిగా వచనంలోకి దిగి, ఊపిరి తిప్పుకోకుండా యుద్ధం వర్ణిస్తాడు. వెనక గుమ్మెట మోగుతూనే ఉంటుంది. మాట తాళం తప్పదు. తాళం మాటను వదలదు. ర్యాప్ కిటుకు కూడా అదే. కథకుడి స్థానంలో ‘ఎమ్‌సీ’ ఉంటాడు. గుమ్మెట స్థానంలో రికార్డులు తిప్పే ‘డీజే’ ఉంటాడు.

న్యూయార్క్‌లోనే బ్రాంక్స్ అనే మరో పేదల ప్రాంతంలో 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి కోసం ఓ వేడుక చేశాడు. హిప్‌హాప్ పుట్టిన రోజుగా చరిత్రకారులు చెప్పేది ఆ రాత్రినే. నెల దాటిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 14న నాస్ పుట్టాడు. అంటే... ఆ సంగీతమూ ఆ పిల్లాడూ ఒకే ఈడు వాళ్లన్నమాట!

ఎనభైల మధ్య నుంచి తొంభైల మధ్య దాకా నడిచిన కాలాన్ని హిప్‌హాప్‌కు స్వర్ణయుగం అంటారు. అప్పటిదాకా వేడుకల్లో హుషారు కోసం పాడిన పాట, ఆ పదేళ్లలో కవిత్వమైంది. రకీమ్ అనే గాయకుడు పాదం చివర మాత్రమే వచ్చే అంత్యప్రాసను పాదం మధ్యలోకీ తీసుకొచ్చాడు. క్వీన్స్‌బ్రిడ్జ్‌లోనే పుట్టిన ‘ది బ్రిడ్జ్’ అనే పాట 1986లో మోత మోగించింది. దాన్ని పాడిన ఎమ్‌సీ షాన్, బాణీ కట్టిన మార్లే మార్ల్ ఆ వాడవాళ్లే. పక్కింటి అన్నయ్యలు రేడియోలో వినపడుతుంటే చిన్నపిల్లాడికి ఏమనిపిస్తుంది? నేనూ రాయగలను అనిపిస్తుంది. నాస్‌కీ అదే అనిపించింది.

పై అంతస్తు స్నేహితుడు
అదే భవనంలో, నాస్ వాళ్ల ఇంటికి పైన విలీ గ్రాహమ్ అనే స్నేహితుడు ఉండేవాడు. అందరూ ‘ఇల్ విల్’ అనేవాళ్లు. అతని దగ్గర రికార్డులు తిప్పే యంత్రం, మైకు ఉండేవి. వీడు రాసేవాడు, వాడు బాణీ వినిపించేవాడు. ఇద్దరూ కలిసి పెద్ద సంగీత కళాకారులు కావాలని కలలు కన్నారు.

1991లో నాస్‌కు మొదటి అవకాశం వచ్చింది. ‘మెయిన్ సోర్స్’ బృందం తమ పాటలో ఓ చరణం పాడించింది. అప్పటికి అతని వయసు పదిహేడు. ఆ ఒక్క చరణంతోనే న్యూయార్క్ అంతా ఎవరీ కుర్రాడు అని వెతకడం మొదలుపెట్టింది.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. 1992 మేలో ఓ రాత్రి క్వీన్స్‌బ్రిడ్జ్‌లో తుపాకులు పేలాయి. ఇల్ విల్ చనిపోయాడు. నాస్ తమ్ముడు జబారికి కూడా తూటా తగిలింది. అతను బతికి బయటపడ్డాడు.

ఆ వయసు కుర్రాడికి రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి, పగ తీర్చుకోవడం. రెండోది, భయపడి అన్నీ వదిలేయడం. నాస్ మూడో దారి పట్టాడు. రాశాడు. ‘ఇల్‌మాటిక్’ అంతా ఆ చావు నీడ ఉంది. చనిపోయిన స్నేహితుల్ని పేరుపెట్టి తలచుకుంటాడు. వాళ్లను సినిమా వీరులుగా మాత్రం చూపించడు. తర్వాతి కాలంలో సొంత సంగీత సంస్థ పెట్టినప్పుడు దానికి పెట్టుకున్న పేరు కూడా స్నేహితుడిదే... ‘ఇల్ విల్ రికార్డ్స్’.

అయిదుగురి చేతి వంట
పాటలు రాసుకున్నంత సులువుగా ఆల్బమ్ రాలేదు. డెఫ్ జామ్ అనే పెద్ద సంస్థ తలుపు తెరుచుకోలేదు. ఎమ్‌సీ సర్చ్ అనే ర్యాపర్ పూనుకుని కొలంబియా రికార్డ్స్ దగ్గరకు తీసుకెళ్లాడు. ఒప్పందం కుదిరింది.

ఆ రోజుల్లో ఒక ఆల్బమ్‌కు సాధారణంగా ఒకే సంగీత నిర్మాత, లేదా ఒకే బృందం పనిచేసేది. నాస్ కోసం మాత్రం లార్జ్ ప్రొఫెసర్, డీజే ప్రీమియర్, పీట్ రాక్, క్యూ-టిప్ చేతులు కలిపారు. న్యూయార్క్‌లో అప్పటికే పేరున్న నలుగురు వాళ్లు! అయిదోవాడు ఎల్.ఈ.ఎస్. క్వీన్స్‌బ్రిడ్జ్ కుర్రాడే. కొత్త గాయకుడి కోసం అంతమంది ఒక్కచోట చేరడం అప్పటికి కొత్త. తర్వాత అదే పద్ధతై కూర్చుంది.

వాళ్లు బాణీలు ఎలా కట్టారో తెలిస్తే మన అమ్మమ్మలు మెచ్చుకుంటారు. పాత పట్టుచీర చినిగిపోతే ఏం చేస్తాం? జరీ అంచు కత్తిరించి మనవరాలి పరికిణీకి కుట్టేస్తాం. వీళ్లూ అంతే. పాత రికార్డుల్లోంచి రెండు మూడు సెకన్ల ముక్క కత్తిరించి, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పుతూ కింద డ్రమ్ములు కలుపుతారు. దీన్నే ‘శాంప్లింగ్’ అంటారు. జాజ్ పియానో విద్వాంసుడు అహ్మద్ జమాల్ వాయించిన ముక్క ఒక పాటకు ప్రాణమైంది. మైకేల్ జాక్సన్ ‘హ్యూమన్ నేచర్’లోని తునక ఆఖరి పాటలో వినబడుతుంది. తాతల, తండ్రుల తరం సంగీతం మనవళ్ల మాటకు తాళమైంది.

తాతలు, తండ్రులంటే గుర్తొచ్చింది... ఈ ఆల్బమ్‌లో నాన్న కూడా ఉన్నాడు. మూడో పాట చివర్లో సన్నగా, దిగులుగా ఓ కార్నెట్ మోగుతుంది. చిన్న బాకాలాంటి వాద్యం అది. ఊదింది ఒలు దారా! అంతవరకూ కొడుకూ అతని స్నేహితుడు ఏజెడ్ ‘రేపు ఉంటామో లేదో, ఉన్నన్నాళ్లు బతుకుదాం’ అన్న ధోరణిలో పాడతారు. వాళ్ల మాటలు ఆగాక తండ్రి బాకా అందుకుంటుంది. ఇల్లు విడిచి వెళ్లిన నాన్న కొడుకు పాటలోకి అలా తిరిగొచ్చాడు. ఇంకో విచిత్రం... దశాబ్దాల పాటు ఇతరుల పక్కన వాయించిన ఒలు దారా సొంత పేరుతో తొలి ఆల్బమ్ తెచ్చింది 1998లో, 57 ఏళ్ల వయసులో. కొడుకు తొలి ఆల్బమ్ వచ్చిన నాలుగేళ్లకు! అందులో నాస్ కూడా పాడాడు.

జైలుకు రాసిన ఉత్తరం
ఆల్బమ్‌లో ‘వన్ లవ్’ అనే పాట ఉంది. అది పాట కాదు, ఉత్తరం. జైల్లో ఉన్న స్నేహితుడికి బయట ఉన్నవాడు రాసేది. నీకు కొడుకు పుట్టాడు, పోలిక నీదే... మీ అమ్మ దిగులుపడుతోంది... ఫలానావాడు ఇలా మారిపోయాడు... ఇలా సాగుతుంది.

కువైట్ వెళ్లిన మనిషికి ఇంటి నుంచి రాసే ఉత్తరం ఎలా ఉంటుందో కదిరి, రాయచోటి వైపు కుటుంబాలకు తెలియంది కాదు. ఆవు ఈనింది, అవ్వకు మోకాళ్ల నొప్పులు తగ్గలేదు, పాప నడుస్తోంది... అన్నీ చిన్న చిన్న విషయాలే. దూరాన ఉన్నవాడికి మాత్రం అవే ప్రాణం. నాస్ చేసిందీ అదే. జైళ్ల సంస్కరణ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. జైలుకెళ్లిన ప్రతివాడి వెనకా ఓ అమ్మ, ఓ పసివాడు ఉంటారని ఇంటి కబుర్లతోనే చెప్పాడు.

పాట చివర్లో రాసేవాడు వీధిలో ఓ బల్ల మీద కూర్చుంటాడు. పన్నెండేళ్ల పిల్లాడు ఎదురవుతాడు. వాడూ సరుకు అమ్ముతున్నాడు. వాడితో పెద్దన్నలా నాలుగు మాటలు చెప్పి లేచి వెళ్లిపోతాడు. పిల్లాడు మారాడో లేదో చెప్పడు. మన కథకులైతే ఇక్కడ నీతి చెప్పకుండా వదలరు. అతను వదిలేశాడు. అందుకే అది వినేవాళ్లను వదలదు.

అప్పుడు కొన్నవాళ్లు కొద్దిమందే
విడుదలకు ముందే దొంగ క్యాసెట్లు వీధుల్లోకి వచ్చేశాయి. అసలు ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 12వ స్థానంతో మొదలైంది. తొలివారం అమ్ముడైనవి 60 వేల ప్రతుల లోపే. విమర్శకులు మాత్రం అప్పుడే పసిగట్టారు. హిప్‌హాప్ పత్రిక ‘ద సోర్స్’ ఐదుకు ఐదు ‘మైకులు’ ఇచ్చింది. కొత్తవాడి తొలి ఆల్బమ్‌కు అన్ని మార్కులేంటని పత్రిక కార్యాలయంలోనే వాదన జరిగింది!

ఐదు లక్షల ప్రతులకు ఇచ్చే ‘గోల్డ్’ గుర్తింపు రావడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది. పది లక్షల ‘ప్లాటినం’ 2001లో. అంటే ఏడేళ్లు! ఒకరు విని ఇంకొకరికి చెప్పి, వాళ్లు మరొకరికి చెప్పి... అలా నిలబడింది.

తర్వాతి కథ ఇంకా బాగుంటుంది. ఎనిమిదితో బడి మానేసిన ఆ కుర్రాడి పేరుతో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 2013లో పరిశోధకులకు ఫెలోషిప్ ఏర్పాటుచేసింది. 2014లో వాషింగ్టన్‌లోని కెనెడీ సెంటర్‌లో నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా వాద్యబృందంతో కలిసి నాస్ ఇవే పాటలు పాడాడు. 2021లో అమెరికా జాతీయ గ్రంథాలయం ‘ఇల్‌మాటిక్’ను భద్రపరచాల్సిన ధ్వనుల జాబితాలో చేర్చినట్టు ప్రకటించింది. అదే ఏడాది నాస్‌కు తొలి గ్రామీ అవార్డు వచ్చింది. కాకపోతే అది మరో ఆల్బమ్‌కు!

మరి బూతులో?
పిల్లలున్న ఇల్లు కాబట్టి ఈ మాటా చెప్పుకోవాలి. ‘ఇల్‌మాటిక్’ నట్టింట్లో పెట్టుకుని వినే ఆల్బమ్ కాదు. బూతులున్నాయి, మత్తుమందులున్నాయి, తుపాకులున్నాయి. ఒక పాట పేరే తిట్టు. ‘మన వీధి గురించి మన భాషలో చెప్పడమంటే ఇదేనా?’ అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న సరైనదే.

దానికి సమాధానం మనకు సినిమాల్లో దొరుకుతుంది. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక రాయలసీమ అంటే సుమోలు, నాటుబాంబులు, తొడగొట్టడాలే అన్నట్టు వరసగా సినిమాలు వచ్చాయి. వాటిలోనూ కత్తులున్నాయి, నెత్తురుంది. లేనిదల్లా ఆ నెత్తురు పోయిన ఇంట్లో మర్నాడు పొయ్యి వెలిగిందా లేదా అన్న సంగతి. నాస్ పాటల్లో కత్తికన్నా ఆ పొయ్యే ఎక్కువ కనిపిస్తుంది. భయపడే నేరస్తుడు, నిద్రపట్టని అమ్మ, కాపలా కాసే పిల్లాడు... చెడును దాచలేదు, దాన్ని గొప్పగా అమ్మాలనీ చూడలేదు. ఆ తేడా తెలిసిన పెద్దవాళ్లు పక్కనుంటే, ఈడొచ్చిన పిల్లలతో మాట్లాడటానికి ఇంతకన్నా మంచి పాఠం ఉండదు.

పేరు చెప్పుకునే కవులు మనకు కొత్తా?
ర్యాప్‌లో గాయకుడు తన పేరు తానే చెప్పుకుంటాడు. మొదటిసారి వినేవాళ్లకు అది డాంబికంగా అనిపిస్తుంది. కానీ తనకల్లుకు దగ్గర్లోనే, కదిరి పక్కన కటారుపల్లి ఉంది. వేమన సమాధి ఉన్న ఊరు. పద్యం పద్యానికీ చివర తన పేరు పెట్టి, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ మాట్లాడిన కవి ఆయన. దాన్ని మనం డాంబికం అనలేదు, మకుటం అన్నాం. ఎవరి మాటకు వాళ్లు పూచీపడటమే మకుటం. పండితుల భాష కాకుండా జనం నోట్లో నలిగే మాటలే వాడటం, పెద్దమనుషుల్ని మొహమాటం లేకుండా నిలదీయడం, నాలుగు పాదాల్లో ముగించడం... ఇవన్నీ మన మట్టిలో ఎప్పట్నుంచో ఉన్నవే.

మాటకు తోడుగా దరువు కావాలంటే, ఇదే అనంతపురం సీమలో ఉరుములున్నాయి. పండరి భజన, చెక్కభజన ఉన్నాయి. కథ కావాలంటే కరువును దగ్గర్నుంచి చూసి రాసిన సింగమనేని నారాయణ కథలున్నాయి. అనంతపురం రచయిత బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. అంటే రాసేవాళ్లూ ఉన్నారు, మోగించేవాళ్లూ ఉన్నారు. రెంటినీ కలిపి మైకు ముందు నిలబడే ఇరవై ఏళ్ల పిల్లలు రావాల్సి ఉంది.

ర్యాప్ మన దాకా రాలేదా అంటే వచ్చింది. 1992లో బాబా సెహగల్ ‘ఠండా ఠండా పానీ’తో దేశమంతా ఊగింది. నాస్ ఆల్బమ్ వచ్చిన ఏడాదే, తమిళం నుంచి వచ్చిన ‘ప్రేమికుడు’లో ‘పేటరాప్’కు మన కుర్రాళ్లు చిందులేశారు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టి, కూచిపూడి నేర్చుకుని, రాజకుమారి పేరుతో ర్యాపర్‌గా ఎదిగిన శ్వేత ఎల్లాప్రగడ రావు 2023లో తొలి ఆల్బమ్ తెచ్చింది. దాని పేరు ‘ది బ్రిడ్జ్’! ముంబయి మురికివాడల ర్యాపర్ల స్ఫూర్తితో 2019లో ‘గల్లీ బాయ్’ సినిమా వచ్చింది కదా... దాని ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో నాస్ ఒకడు. క్వీన్స్‌బ్రిడ్జ్ పిల్లాడు ధారావి కథకు తోడు నిలిచాడన్నమాట.

కదిరి బస్సు కిటికీలోంచి...
‘ఇల్‌మాటిక్’ మొత్తం నిడివి నలభై నిమిషాలకు కాస్త తక్కువ. ఉపోద్ఘాతంతో కలిపి పదే పాటలు. తనకల్లులో బస్సెక్కి వినడం మొదలుపెడితే కదిరి వచ్చేసరికి దాదాపు అయిపోతుంది. ఆ కాసేపట్లో ఒక వాడ మొత్తం పట్టింది. దాని మూలమలుపులు, మెట్లదారులు, చనిపోయినవాళ్లు, జైల్లో ఉన్నవాళ్లు, కిటికీలోంచి చూసే అమ్మలు.

అదే బస్సు కిటికీలోంచి బయటికి చూడండి. వాన కోసం ఎదురుచూసే శెనక్కాయ చేను, నీళ్లు పడని బోరు దగ్గర వదిలేసిన పైపులు, బెంగళూరు బస్సు కోసం మూటలతో నిలబడ్డ దంపతులు, వాళ్లను సాగనంపడానికొచ్చిన అవ్వ, ఆమె కొంగు పట్టుకున్న మనవడు. ఈ దారిలో రోజూ తిరిగే కాలేజీ పిల్లలందరికీ ఇవి తెలుసు. బయటివాళ్లెవరికీ తెలియనంత బాగా తెలుసు.

నాస్ దగ్గర మొదట ఉన్నదీ అంతే... అందరూ చూస్తున్నదాన్ని చూసిన కళ్లు, ఓ నోటు పుస్తకం. సీమ యాసలో, సొంత మకుటంతో ఈ దారి గురించి మొదటి పాట ఎవరు రాస్తారో! అది అనంతపురం నుంచి రావచ్చు, కదిరి నుంచి రావచ్చు. అవ్వ కొంగు పట్టుకున్న ఆ మనవడే రాయొచ్చు కూడా.